ఏమంటుండు వాడు?

మా బాపు రిమోట్ పట్టుకోడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. బస్సు ఇంజను మొత్తం విప్పి గోనె సంచుల మీద పరిచి, ఒక్క నట్టు మిగలకుండా మళ్ళీ బిగించేవాడు. రిమోట్ చేతికిస్తే మాత్రం కాలిన గిన్నె అందించినట్టు వెంటనే పక్కన పెట్టేస్తాడు. "నీ ఇష్టం బిడ్డా, ఏదన్న పెట్టు" అంటాడు. ఆ 'ఏదన్న' ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అమ్మ పోయాక బాపు హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. అన్న దుబాయ్‌లో ఉంటాడు. మెట్‌పల్లి దగ్గర ఊర్లో ఇల్లుంది, కానీ డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిని ఒక్కణ్ణే ఎలా ఉంచుతాం? పగలు ఆయనకు ఇబ్బంది లేదు. పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాడు, గేటు దగ్గర ఆటోవాళ్ళతో కూర్చుంటాడు, ఎవరి బండి సైలెన్సర్ మోగినా లేచి వెళ్ళి చూస్తాడు. కష్టమంతా రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా.

ఊర్లో అది అమ్మ సీరియల్ టైము. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, జర్దా. కళ్ళు టీవీ మీద, వేళ్ళు బీడీ మీద. ఆకు చుట్టడం, దారం కట్టడం, మూతి మలవడం, ఏదీ చూసి చేసేది కాదు. బాపు ఆ టైముకు లేచి బయట వేపచెట్టు కింద గద్దె మీదికి పోయేవాడు. "మీ అమ్మ ఏడ్పులు మొదలైనయ్" అనేవాడు. మా అపార్ట్‌మెంట్‌లో వేపచెట్టు లేదు, గద్దె లేదు. సోఫా ఉంది, ఎదురుగా అన్న కొనిచ్చిన యాభై అయిదు అంగుళాల టీవీ ఉంది.

నేను బడిలో లెక్కలు చెప్తాను. ఏ పనైనా నోట్సు రాసుకోందే మొదలుపెట్టను. ఒక పాత నోటుబుక్కులో బాపు కోసం నలభై సినిమాల పేర్లు రాశాను. పౌరాణికాలు, జానపదాలు, ఎన్టీఆర్‌వి, ఏఎన్నార్‌వి, పాత పాటలు బాగుండేవి. పెద్దవాళ్ళకు పాతవి నచ్చుతాయి కదా అనుకున్నా. ఇంత సులువైన పనికి నలభై పేర్లెందుకు, పది చాలేమో అని కూడా అనుకున్నా.

మొదటి రోజు మాయాబజార్. 1957 నాటి సినిమాకు 2010లో రంగులద్దారు కదా, ఆ రంగుల ప్రింటు పెట్టాను. శశిరేఖ చీర గులాబీ రంగులో మెరిసిపోతుంటే మా చిన్నోడు కూడా ఫోను పక్కన పెట్టి చూశాడు. బాపు పావుగంట చూసి, "ఇది మేం సూసిన మాయాబజార్ గాదు" అన్నాడు. డేరా సినిమాలో, ఇసుకలో కూర్చుని, నేలటికెట్ మీద చూశాడట. ఆయన మాయాబజార్ నలుపూ తెలుపే. మరునాడు నలుపూ తెలుపు ప్రింటే వెతికి పెట్టాను. ఇష్టంగానే చూశాడు, మాయలూ మంత్రాలూ వచ్చిన చోట నవ్వాడు. అయిపోయాక లేస్తూ, "రంగారావు వాయె, సావిత్రి వాయె, రేలంగి వాయె... అందరు వాయిరి" అని లెక్కపెట్టుకుంటూ పడుకోబోయాడు. తరువాత పెట్టిన రెండు పాత సినిమాలకూ అదే వరస. పేర్లు పడేటప్పుడే మొదలుపెడతాడు. వినోదం కోసం పెట్టింది సంతాప సభ అయిపోయేది.

సరే, దేవుడి కథ అయితే ఇలా ఉండదని దూరదర్శన్ రామాయణం పెట్టాను. 1987లో ఆదివారం పొద్దున్నే వచ్చినప్పుడు మా ఊరంతా ఒకే ఇంట్లో చేరి చూసింది. 2020లో లాక్‌డౌన్ పెట్టాక మార్చి నెలాఖర్లో మళ్ళీ వేస్తే అమ్మా బాపూ రోజూ చూశారు. "రెండుసార్లు అయింది గద బిడ్డా" అన్నాడు మర్యాదగా. రామాయణం గురించి ఆయనకు గుర్తున్నది వేరే ఉంది. ఆదివారం పొద్దున ఆ టైముకు బస్సులు ఖాళీగా పోయేవట. డ్రైవర్లు కూడా ఏ ఊరి హోటల్లోనో టీవీ ముందు ఆగిపోతే, డిపోలో మేనేజరు గడియారం చూసుకుంటూ తిట్టేవాడట. ఆ కథ మాత్రం అరగంట చెప్పాడు. తెర మీద రాముడు అడవికి పోతూనే ఉన్నాడు, మేమెవరం చూడలేదు.

అప్పుడు కొత్త సినిమాల మీద పడ్డాను. అసలు అవస్థ ఇక్కడే మొదలైంది.

కొత్తవి అంటే ముందు నా భయం వేరు. తండ్రి పక్కన కూర్చుని కూతురు చూడదగ్గదేనా? ఓటీటీలో ఏది పెట్టినా మొదట్లో ఒక మూలన వయసు అంకె, దాని పక్కన హింస, బూతు, మత్తు అంటూ రెండు మాటలు పడతాయి. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల పుణ్యమది. పిల్లల కోసం పెట్టింది నాకు బాపు కోసం పనికొచ్చింది. కానీ అదీ పూర్తిగా నమ్మేది కాదు. పదమూడేళ్ళ పిల్లాడు చూడొచ్చన్న సినిమాలో ఒక పాట వచ్చింది. నేను నీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను, మా ఆయన ఫోను చూసుకున్నాడు, బాపు పైనున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. 'కూతురి పక్కన తండ్రి కూర్చుంటే పనికిరాదు' అని ఒక గుర్తు కనిపెడితే బాగుండు. ఆ తర్వాత నుంచి ఏ సినిమా అయినా మధ్యాహ్నం ఒకసారి ముందుకు జరుపుతూ చూసుకుని గానీ రాత్రికి పెట్టలేదు.

అంత జల్లెడ పట్టి పెట్టినా బాపు పావుగంట దాటేవాడు కాదు. ముందు ఒకటి రెండు సార్లు "ఏమంటుండు వాడు?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. చెప్పేలోపు తెర మీద ఇంకో రెండు మాటలు అయిపోయేవి. మళ్ళీ "ఏమంటుండు?" మూడోసారి అడగడు. తల ముందుకు వాలిపోయేది. లేపి "నచ్చలేదా బాపూ?" అంటే, "మంచిగనే ఉన్నది. గా లొల్లి పాటలే..." అనేవాడు. నోటుబుక్కులో ఆ పేరు పక్కన అడ్డగీత గీసేదాన్ని. అలా పద్దెనిమిది సినిమాలు కొట్టేశాను. హాస్యం నచ్చదు, కుటుంబ కథ నచ్చదు, పల్లెటూరి కథ కూడా నచ్చదు. మా బాపుకు ఏమీ నచ్చదు, అమ్మతోనే ఆయన మనసు పోయింది అని మా అన్నకు ఫోన్ చేసి ఏడ్చాను కూడా.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద లైటొక్కటే వెలుగుతుంది మా ఇంట్లో, టీవీ ఆగిపోతుంది. చిన్నోడు చీకట్లో ఫోనులో ఏదో మెకానిక్కు వీడియో పెట్టి తాతకు చూపించాడు. ఎవరో ఒకాయన కింద కూర్చుని పాత ట్రాక్టరు ఇంజను విప్పుతున్నాడు. పాట లేదు, వెనక మ్యూజిక్కు లేదు. ఫోను తాత చెవి దగ్గరే ఉంది. బాపు నలభై నిమిషాలు కన్నార్పకుండా చూశాడు. "వాడు గాస్కెట్ మార్చలే, సూడు, మల్ల లీక్ అయితది" అన్నాడు. ఒక్కసారి కూడా 'ఏమంటుండు' అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను లెక్కలు చెప్పేదాన్ని. వెనక బెంచీ పిల్లాడు తప్పు చేస్తున్నాడంటే ముందు వాడికి బోర్డు కనబడుతుందా అని చూడాలని కొత్త టీచర్లకు చెప్పేదే నేను.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే బాపు ఒప్పుకోలేదు. "నాకు మంచిగనే ఇనవడుతది. వాళ్ళే నోట్లె నోట్లె మాట్లాడుతుండ్రు" అన్నాడు. తరువాత తెలిసింది, అందులో సగం నిజం కూడా ఉందని. బీపీ చూపిద్దామని చెప్పి తీసుకెళ్ళాం. అద్దాల గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, సన్నటి కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయట నాకు కంప్యూటర్ మీద గీత కనబడుతూనే ఉంది. లావు శబ్దాల దగ్గర బాగానే నడిచిన గీత, సన్న శబ్దాలకొచ్చేసరికి గట్టు తెగినట్టు కిందికి పడిపోయింది. లోపల కూత మోగుతోంది, బాపు మీట మీద వేలు పెట్టుకుని, పరీక్షలో జవాబు తెలియని పిల్లాడిలా అద్దంలోంచి నా వైపు చూస్తున్నాడు.

పరీక్ష చేసిన అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు. అచ్చుల బలం మిగులుతుంది, క, చ, త, ప, స లాంటివి జారిపోతాయి. 'కాలు' అన్నా, 'పాలు' అన్నా, 'తాలు' అన్నా ఆయనకు వినబడేది 'ఆలు' లాంటిదే. అందుకే మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. గట్టిగా అరిచినా లాభం లేదు, ఆ 'ఆలు' ఇంకా గట్టిగా వినబడుతుంది, అంతే. పైగా ఏళ్ళ తరబడి ఇంజన్ల మధ్య పనిచేసిన చెవులు. "ఇంట్లో ముఖం చూసి మాట్లాడితే అర్థం చేసుకుంటున్నారు కదా, పెదాలు చూసి పట్టుకుంటున్నారు. అందుకే మీకు తెలియలేదు" అంది.

అప్పుడు ఒక్కొక్కటీ తేలాయి. పాత సినిమాలో మాట మాట్లాడేటప్పుడు వెనక సంగీతం అడ్డం రాదు. నాటకాల నుంచి వచ్చిన నటులు, ఒత్తులు ఒత్తి పలుకుతారు. కొత్త సినిమాలో హీరో గొణుగుతాడు, అవతలి వైపు తిరిగి మాట్లాడతాడు, కింద డ్రమ్ములు మోగుతూనే ఉంటాయి. ఇంకో సంగతి కూడా అర్థమైంది, దానికి నేను కొంచెం సిగ్గుపడ్డాను. సీరియళ్ళను మేమంతా వెక్కిరించాం కదా. ప్రతి మాటా కెమెరా వైపు తిరిగి, ముఖం తెరంతా నింపి, మెల్లగా, రెండుసార్లు చెప్తారు. నిన్న ఏమైందో మళ్ళీ చూపిస్తారు. బీడీల మీద దృష్టి పెట్టిన మనిషికైనా, చెవులు పోయిన మనిషికైనా కథ చేజారదు. అమ్మకు కూడా చివరి ఏళ్ళలో సరిగా వినబడేదో లేదో, ఇప్పుడు అడగడానికి లేదు.

చెవి మిషన్లు కొన్నాం. వారం రోజులు అవి వక్కల డబ్బాలో ఉన్నాయి. చెవిలో పెట్టుకుంటే కంచం చప్పుడు పిడుగులా ఉందట, తన నములుడు తనకే వినబడుతోందట. రెండుసార్లు తీసుకెళ్ళి సరిచేయించాక, రోజుకు గంట, రెండు గంటలు అంటూ అలవాటు చేశాం. ఇప్పటికీ సోఫాకు తల ఆనిస్తే కీచుమంటాయి. అందుకని సోఫా మాన్పించి, ఎత్తు వీపు లేని చేతుల కుర్చీ తెచ్చాం.

మిషన్లతోనే పని కాలేదు. చిన్నోడు టీవీ సెట్టింగులలోకి పోయి చాలా చేశాడు. ఈ పల్చటి టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి, మాట గోడకు చెప్పుకుంటాయి. సినిమా ఏమో ఆరు స్పీకర్ల కోసం కలిపిన ధ్వనితో వస్తుంది. అందులో మాటలన్నీ మధ్య స్పీకరుకు వెళ్ళాలి. మన దగ్గర మధ్య స్పీకరే లేదాయె, మాటా మద్దెలా ఒకే సంచిలో పడతాయి. వాడు ధ్వనిని స్టీరియోకు మార్చి, మాటలు తేటగా వచ్చే మోడ్ ఒకటి ఉంటే అది పెట్టి, బాపు కుర్చీ పక్కన స్టూలు మీద ఒక చిన్న స్పీకరు వైరుతో కలిపాడు. ముందు బ్లూటూత్‌తో కలిపితే పెదాలు కదిలాక మాట వచ్చింది. పెదాలు చూసి పట్టుకునే మనిషికి అంతకన్నా అన్యాయం లేదు. యూట్యూబ్‌లో వేగం ముప్పావుకు తగ్గించి కూడా చూశాం. హీరో, విలన్, పూజారి, అందరూ రెండు సీసాల కల్లు దించినట్టు మాట్లాడారు. బాపు పడీ పడీ నవ్వాడు. ఆ సినిమాలో ఆయన్ను నవ్వించింది అదొక్కటే.

అక్షరాల సంగతి చెప్పకుంటే నా కోపం తీరదు. కంటి శుక్లాలు ఎప్పుడో తీయించాం, బాపు పేపరులో సన్న అక్షరాలు కూడా చదువుతాడు. తెలుగు సినిమా కింద తెలుగు అక్షరాలు వేస్తే సగం బాధ తీరుతుంది. నేను వెతికిన వాటిలో చాలా వాటికి ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. తెలుగు రానివాళ్ళు తెలుగు సినిమా చూడటానికి ఏర్పాటుంది, తెలుగే తెలిసి చెవులు పోయినవాళ్ళకు లేదు. ఎక్కడైనా దొరికితే నోటుబుక్కులో ఆ పేరు పక్కన పెద్ద చుక్క పెట్టుకున్నాను. చుక్కలు చాలా తక్కువే.

ఇదంతా అయ్యాక, కొట్టేసిన పద్దెనిమిదీ మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. అప్పుడు తెలిసింది మా బాపుకు ఏం ఇష్టమో. నేను అనుకున్నది ఒక్కటీ కాదు.

ఆయనకు పని చేసే మనుషులు కావాలి. హీరో ఏం పని చేస్తాడో తెలియకపోతే చూడడు. "వీడు ఏం జేసి బతుకుతడు?" అని అడుగుతాడు. నేను చెప్పలేకపోతే ఆ సినిమా పని అయిపోయినట్టే. బండి కనబడితే చాలు, నిటారుగా కూర్చుంటాడు. "గేరు మార్చకుంట ఘాట్ ఎక్కుతుండు, సూడు!" తాతముత్తాతల కథలో రోడ్డు మీద కొత్త మోడల్ లారీ పోతే, ఇక ఆ దర్శకుడిని క్షమించడు. పాటలొస్తే బాత్రూముకు లేస్తాడు. ఈ వయసులో నలభై నిమిషాలకొకసారి లేవాల్సిందే కాబట్టి, ఒక సినిమాను మూడు రాత్రులు చేసుకోవడం నేర్చుకున్నాం. పాత రోజుల్లో ఒకటే ప్రొజెక్టరున్న డేరాలో రీలు రీలుకూ ఆపేవాళ్ళట, ఆయనకు అదేమీ కొత్త కాదు.

దృశ్యం పెట్టిన రాత్రి మాత్రం మూడు భాగాలు కుదరలేదు. 2014లో వెంకటేష్ చేసిన తెలుగుది. కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, తన కుటుంబం ఫలానా రోజు ఊర్లో లేదని చూపించడానికి బస్సు టికెట్లు దాచిపెడతాడు. కండక్టరు సాక్ష్యం చెప్తాడు. టికెట్ తెర మీదికి రాగానే బాపు చెయ్యెత్తి "ఆపు" అన్నాడు. సినిమా ఆగింది. ఇరవై నిమిషాలు క్లాసు. టికెట్ మీద నంబరుంటది, కండక్టరు స్టేజీ స్టేజీకి నంబర్లు రాసుకుంటడు, ఆ కాయితం డిపోకు చేరుతది, నేనైతే పోలీసోన్ని సీదా డిపోకు పంపుదును అన్నాడు. "మరి దొరికేవాడా బాపూ?" అంటే కాసేపు ఆలోచించి, "మంచోడే గద పాపం. నేను పంపకపోదును" అన్నాడు. రాత్రి పన్నెండు దాకా కూర్చుని పూర్తి చేశాం. ఇప్పటికి మూడుసార్లు అయింది. పోలీసుల వైపు ఒకసారి, టికెట్ల వైపు ఒకసారి, ఊరికే ఒకసారి.

అడిగే పద్ధతి కూడా మార్చుకున్నాను. 'ఏం చూస్తావు బాపూ' అంటే 'నీ ఇష్టం' తప్ప జవాబు రాదు. 'పోలీసు కథనా, బండ్ల కథనా' అని రెండే అడిగితే, "పోలీసోళ్ళది పెట్టు" అంటాడు. కొండల మీద లారీలు నడిపేవాళ్ళ మీద, పెద్ద కర్మాగారాల మీద తెలుగులో డబ్బింగు చేసి వచ్చే కార్యక్రమాలు ఆయనకు ప్రాణం. వాటిలో చెప్పే గొంతు ఒకటే ఉంటుంది, తేటగా ఉంటుంది. అడ్డమొచ్చే కథ ఉండదు.

మాభూమి ఆయనే అడిగాడు. 1980లో కరీంనగర్ పోయి చూశాడట, డిపోలో దోస్తులతో. నిజాం కాలం, దొరలు, వెట్టి, తిరగబడిన జనం. తీసిన నర్సింగరావు మనవాడే, డైరెక్ట్ చేసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ ఆయన అని నేను చదివి చెప్తే, "ఎవరైతేంది, మా నాయిన తీర్గ నడిసిండ్రు అండ్ల" అన్నాడు. గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడే పాటకు ఆ ఒక్కసారి బాత్రూముకు లేవలేదు. అయిపోయాక అన్న మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను: "మన మాట మాట్లాడెటోడు తెర మీదికి అచ్చిండంటే, వాడు రౌడన్న అయితడు, లేకుంటే నవ్వియ్యనీకె అచ్చినోడన్న అయితడు. గిండ్ల మనిషి అయిండు." అప్పటిదాకా నాకు తట్టలేదు. వినబడకపోవడంలో ఇదీ ఒకటేమో. చెవులు సగం పోయిన మనిషి మిగతా సగం ఊహించుకుని పూరించుకోవాలి. తన ఇంటి మాటైతే ఊహ సరిగ్గా కుదురుతుంది, కోస్తా మాట వేగంగా మాట్లాడితే కుదరదు.

అలా అనుకున్నప్పుడల్లా నా నోటుబుక్కులో ఒక పేరు దగ్గర కళ్ళు ఆగేవి. దాని చుట్టూ గీత గీసి పెట్టుకున్నాను, 'వద్దు' అని రాసి. బలగం.

2023 మార్చిలో ఆ సినిమా వచ్చినప్పుడు ఊర్లలో తెరలు కట్టి అందరూ కలిసి చూశారు. మా ఊర్లోనూ కట్టారు. అమ్మ అప్పటికే మంచం పట్టి ఉంది, మా ఇంట్లోవాళ్ళెవరూ పోలేదు. కథంతా ఒక ముసలాయన పోవడం, మూడో రోజు, పదకొండో రోజు పిట్టకు పెడితే కాకి ముట్టకపోవడం. ఇంట్లో చావు జరిగిన మనిషికి అది చూపిస్తానా? ఆసుపత్రి మంచం కనబడే సినిమాలే నేను ఏరి పక్కన పెడుతున్నాను.

మొన్న దసరా ముందు బాపే అడిగాడు. "గా సినిమ ఎందుకు పెడ్తలేవు? మనూరు మొత్తం సూసింది. నేనొక్కన్నే సూడలే."

"ఏ సినిమా బాపూ?" అన్నాను తెలియనట్టు.

"కాకి సినిమ."

పెట్టాను. మాట ప్రతి ఒక్కటీ అందింది ఆయనకు. స్పీకరు వంక తల వంచలేదు, నన్ను ఒక్కసారీ అడగలేదు. మొదటి గంటంతా నవ్వుతూనే ఉన్నాడు. ఆ ముసలాయన వీధి వెంట అందర్నీ పలకరిస్తూ పోతుంటే, "మా మేనమామ గిట్లనే ఉండు" అన్నాడు. చావు ఇంట్లో బావ, బామ్మర్దులు నల్లిబొక్క (మూలుగ ఎముక) కోసం పాత లొల్లి తవ్వుతుంటే చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం తెర చూడలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తరి పెట్టి దూరం జరిగారు. కాకి రాలేదు. జనం తల పట్టుకున్నారు.

బాపు చెయ్యెత్తాడు. ఆపాను.

"మీ అమ్మకు ఎంతసేపట్ల అచ్చింది, యాదికున్నదా?"

యాదికుంది. చెరువు కట్ట మీద విస్తరి పెట్టి మేం పది అడుగులు వెనక్కి జరిగామో లేదో, తుమ్మచెట్టు మీంచి దిగింది. అన్న వీడియో కాల్‌లో చూస్తున్నాడు, ఫోను నా చేతిలోనే ఉంది. చుట్టాలంతా "ఏ కోరికా లేకుండా పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు. నేను కూడా అదే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరడిగినా అదే గొప్పగా చెప్తున్నాను.

"గంత జల్ది ముట్టింది" అన్నాడు బాపు. "నేను ఏమనుకున్న? జరసేపు ఆగుతది, అందరు పిలుస్తరు, ఆఖర్న నన్ను ముంగటికి రమ్మంటరు. 'నాకేం కాదు, పోరి మంచిగ సూసుకుంటది, నువ్వు నిమ్మళంగ పో' అని జెప్పాలె అనుకున్న. రాత్రంత అదే అనుకున్న. నన్ను అడుగనే లేదు."

ఏమనాలో తెలియక రిమోట్ పట్టుకుని కూర్చున్నాను. తెర మీద విస్తరి అలాగే ఉంది, దానిలో అన్నం, పక్కన కల్లు సీసా. చెవి మిషను చిన్నగా కీచుమంది. తల అరచేతికి ఆనించుకున్నాడు.

"పెట్టు పెట్టు" అన్నాడు కాసేపటికి. "వీళ్ళ కాకి ఏం జేస్తదో సూద్దాం."

చివర్లో బుడగజంగాల వాళ్ళు తంబూర మీటి పాడుతుంటే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, మా ఆయనా ఏడ్చాడు, చిన్నోడు వంటింట్లోకి పోయాడు. అయిపోయాక బాపు ముఖం కడుక్కుని వచ్చి, సినిమాలో పదకొండో రోజు తంతు రెండు చోట్ల తొందరగా కానిచ్చారని చెప్పి, రెండు ఇడ్లీలు అడిగి తిన్నాడు. రాత్రి పదిన్నరకు ఇడ్లీ.

మరునాడు ఏడున్నరకు నేను మామూలుగా "పోలీసు కథనా, బండ్ల కథనా?" అన్నాను.

"మీ అమ్మ ఒకటి సూశేది గద. గా పెద్ద మెట్ల ఇల్లు, అత్త ఎప్పుడూ మెడ నిండ నగలు ఏసుకొని ఉంటది. గది అయిపోయిందా?"

ఫోనులో వెతికాను. అయిపోయింది, ఈ మధ్యనే. మొత్తం భాగాలన్నీ ఆ ఛానెల్ యాప్‌లో ఉన్నాయి. అమ్మ చివరిగా చూసింది ఏ తారీఖుదో నాకు తెలుసు, ఆసుపత్రికి తీసుకెళ్ళిన సాయంత్రం కూడా "జర ఆగు, ఇది కానియ్" అంది. ఆ తారీఖు చెప్పాను.

"ఆ తెల్లారి దాని కాంచి పెట్టు" అన్నాడు.

అప్పటి నుంచి రాత్రికి రెండు భాగాలు. తిట్టుకుంటూనే చూస్తాడు. "గీ పొల్లకు బుద్ధి లేదు, గా కాయితం చింపక దాసిపెడుతది." ఒక్క మాట కూడా నన్ను అడగడం లేదు, అంతా స్పష్టంగా వినబడుతోంది. నిన్నటితో నలభై ఆరు అయ్యాయి, ఇంకా మూడు వందల చిల్లర ఉన్నాయి. కోడలు నిజం చెప్పేసింది. అత్త మెట్ల మీద నిలబడి వింది. వరుసగా మూడు రోజుల నుంచి ఆమె ఆ మెట్లు దిగుతూనే ఉంది.